పొట్టి కుర్చీ, పొట్టి మీటింగు

నేను ఒక పొట్టి కుర్చీని. నాలుగేళ్ల పిల్ల కూర్చుంటే పాదాలు నేలకి ఆనేంత ఎత్తు నాది. పసుపు రంగు ప్లాస్టిక్కు. వీపు మీద ఉబ్బెత్తుగా ఒక ఏనుగు బొమ్మ ఉండేది. పిల్లల వీపులు రాసుకుని రాసుకుని తొండం అరిగిపోయింది. ఇప్పుడు చూసినవాళ్లకి అది ఏనుగో పందో తెలియదు. నన్ను చూసి మీరు నవ్వినా నాకేమీ అనిపించదు. పిల్లలు చూసి నవ్వాలనే నన్నలా పోతపోశారు. కాని నా మూలంగా ఒక పెద్దమనిషిని చూసి ఒక గదిలో జనమంతా నవ్వారు. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా ఎక్కడన్నా గోనెపట్టా కింద దూరిపోవాలనిపిస్తుంది.

నేను పుట్టింది ఊరి బయట ఒక రేకుల షెడ్డులో. పగిలిన బకెట్లు, చెవులు విరిగిన మగ్గులు, పాత పైపులు కరిగించి నన్ను పోశారు. అంటే పుట్టుకతోనే నేను పాతదాన్ని. అచ్చులోంచి వెచ్చవెచ్చగా బయటపడితే ఒకతను అంచులు బ్లేడుతో చెక్కి గుట్ట మీదకి విసిరాడు. ఇంకొకతను నా అడుగున 'పిల్లలకు మాత్రమే' అని కాగితం అంటించాడు. కుర్చీ అడుగున ఏం రాసుందో వంగి చూసే మనిషి ఇప్పటిదాకా నాకు కనబడలేదు. ఆ కాగితం తొలి వానాకాలంలోనే ఊడిపోయింది.

కాకినాడ మెయిన్ రోడ్డులో ఒక కొట్టు ముందు తాడుకి వేలాడుతుండగా దమయంతి టీచర్ గారు నన్నూ, నా తోటివాళ్లనీ కొనుక్కుపోయారు. ఆవిడ తన ఇంటి కింది భాగంలో పసిపిల్లల బడి నడిపేవారు. అవి నా మంచి రోజులు. నా మీద పిల్లలు పాలు ఒలకబోశారు, అన్నం మెతుకులు నలిపారు, మట్టి పూశారు, అంతకన్నా చెప్పుకోలేని పనులు కూడా చేశారు. నన్ను బోర్లా వేసి బస్సు చేసి నడిపారు. ఆ బస్సు దేనికో గుద్దుకున్నప్పుడే నా వెనక కాలు మొదట్లో సన్నని గీత పడింది. పిల్లల బరువుకి అది లెక్కలోది కాదు.

తరవాత వీధి చివర ఏసీ గదులూ, సొంత బస్సులూ ఉన్న పెద్ద స్కూలు వచ్చింది. టీచర్ గారి బడికి పిల్లలు తగ్గి తగ్గి, చివరికి ఎవరూ రాలేదు. ఆవిడ మమ్మల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి పాత దుప్పటి కప్పారు. బోర్డు మాత్రం గోడకి అలాగే ఉంచేశారు.

మళ్లీ ఆ దుప్పటి తీసింది మృదుల.

మృదుల ఇరిగేషన్ ఆఫీసులో ఇంజనీరు. చురుకైన మనిషి, ఏ పనైనా చక్కగా ఒక వరసలో జరగాలంటుంది. ఆవిడకి నిహాల్ అని రెండో తరగతి చదివే కొడుకు. తనలాంటి కొన్ని కుటుంబాలని పోగుచేసి 'గుజ్జనగూళ్లు' అని ఒక బృందం పెట్టింది. చిన్నపిల్లలు చిట్టి గిన్నెల్లో ఉత్తుత్తి వంటలు చేసే ఆటని అలా అంటాం కదా, ఆ పేరే. ఆదివారం ఆదివారం అమ్మానాన్నలూ పిల్లలూ కలిసి ఏదో ఒకటి చేతులతో చెయ్యాలి. పిల్లల్ని దింపేసి వెళ్లిపోవడానికి వీల్లేదు. ఫోన్లు గుమ్మం దగ్గర బుట్టలో పడెయ్యాలి. ఒక వారం విత్తనాలు నాటడం, ఒక వారం పాత చొక్కాలతో సంచులు కుట్టడం, ఒక వారం పొయ్యి లేని వంట.

ఆదివారాలు బాగానే ఉండేవి. అవి ఎలా జరగాలో ముందు కూర్చుని అనుకోవడమే వాళ్లకి చేతకాలేదు. మొదట్లో ఎవరో ఒకరి ఇంట్లో కూడేవారట. పకోడీలొచ్చేవి, టీవీ మోగుతుండేది. సంచులు కుట్టే సంగతి మొదలుపెడితే అది దర్జీ మీదకీ, దర్జీ మీంచి పెళ్లి బట్టల మీదకీ, అక్కణ్ణుంచి ఎవరి ఆడపడుచు మీదకో పోయేది. ఇళ్లకి పోయే వేళకి అందరూ అన్నిటికీ తలూపేసేవారు. తీరా ఆదివారం చూస్తే జిగురు నలుగురు తెచ్చేవారు, కత్తెర ఒక్కరూ తెచ్చేవారు కాదు. విసుగెత్తి రెండు కుటుంబాలు మానేశాయి.

అందుకని మృదుల టీచర్ గారిని బతిమాలి ఈ గది అడిగింది. గురువారం సాయంత్రం అరగంట మీటింగు. బోర్డు మీద మూడే విషయాలు. ఒక్కో విషయం చివర ఎవరు ఏం తెస్తారో వాళ్ల పేరు రాసేదాకా తరవాతి దానికి వెళ్లకూడదు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అందుకోకూడదు. మూడూ అయ్యాకే టీ. మొదటి రోజు చాపలు తడిసి ఉన్నాయని మా మీద కూర్చున్నారు. మోకాళ్లు గడ్డాల దాకా వచ్చాయి. ఆ భంగిమలో పెద్ద పెద్ద ఉపన్యాసాలు ఇవ్వడం కుదరదు. అరగంట కాకుండానే మూడూ తేలిపోయాయి.

"ఇదేదో మంత్రంలా పనిచేసిందే!" అంది మృదుల. అప్పట్నుంచి అదే రూలు. పెద్దవాళ్లు కూడా పిల్లల కుర్చీల్లోనే కూర్చోవాలి.

ఆ రోజుల్లో నాకు కాస్త పొగరు పట్టిన మాట నిజం. ఇంజనీర్లనీ లెక్చరర్లనీ క్లుప్తంగా మాట్లాడించేది నేనే కదా అనుకునేదాన్ని.

ఆ గదిలో కూర్చోని మనిషి ఒక్కరే ఉండేవారు. ఆయన పేరు సత్తిరాజు. ఫ్రిజ్జులూ వాషింగ్ మెషీన్లూ నిలవచేసే గోడౌనుకి ఇన్‌చార్జి. భారీ మనిషి. గుమ్మంలో నిలబడితే వీధి కనబడేది కాదు. భార్య అనురాధ ఆస్పత్రిలో నర్సు. ఆవిడ డ్యూటీలు ఎప్పుడు పడతాయో తెలియదు కాబట్టి ఏడేళ్ల కూతురు పల్లవిని ఆయనే వెంటబెట్టుకొచ్చేవారు. మీటింగు జరిగినంతసేపూ గుమ్మానికి జారబడి నిలబడేవారు. ఎవరన్నా కూర్చోమంటే, "ఇక్కడ గాలి బావుందండి" అనేవారు. ఎక్కువ మాట్లాడేవారు కాదు. కాని బోర్డు మీద ఆయన పేరు పడిందంటే ఆ పని అయిపోయినట్టే.

ఆ గురువారం బోర్డు మీద రాసింది 'అట్టపెట్టెల ఊరు' గురించి. పెరట్లో పెద్ద పెద్ద అట్టపెట్టెలతో ఇళ్లు, పోస్టాఫీసు, ఆస్పత్రి కట్టి పిల్లలచేత రంగులు వేయించాలని. అందరూ హుషారుగా ఉన్నారు. నేనొక్కదాన్నే ఖాళీగా ఉన్నాను. మృదుల సుద్దముక్క పట్టుకుని గుమ్మం వైపు చూసింది.

"సత్తిరాజు గారూ, రండి కూర్చోండి."

"పర్లేదండి మేడమ్. నాకిలాగే బావుంటుంది."

"అందరం ఒకచోట కూర్చుంటేనే మాట ఒకచోట ఉంటుందండి. మీరలా నిలబడితే ఎప్పుడెళ్లిపోదామా అన్నట్టుంటుంది. రూలు అందరికీ ఒకటే కదా."

"పోనిద్దూ, అమ్మాయ్" అన్నారు దమయంతి టీచర్ గారు మెల్లిగా. మృదుల వినిపించుకోలేదు. ఆవిడ మనసులో చెడు ఏమీ లేదు. మీటింగు టైముకి అయిపోవాలి, అంతే.

సరిగ్గా అప్పుడే పెరట్లో పిల్లలతో ఆడుతున్న పల్లవి మంచినీళ్లకని లోపలికొచ్చింది. అందరూ తన తండ్రి వైపు చూడటం చూసి, గ్లాసు పట్టుకుని అక్కడే ఆగిపోయింది. ఆయన కూతుర్ని చూశారు. ఇంక కాదనడానికి వీల్లేకపోయింది. వచ్చి నా మీద కూర్చున్నారు.

కూర్చున్నారంటే పూర్తిగా కాదు. బరువంతా తన తొడల మీదే ఆపుకున్నారు. పైకి కూర్చున్నట్టే ఉంది. కాని ఆయన కాళ్లు వణుకుతున్న సంగతి నాకొక్కదానికే తెలుస్తోంది. నుదుటి మీద చెమట పట్టింది. మొదటి విషయం అయింది, రెండోది అయింది. ఆయన అలాగే ఉన్నారు, పెదవుల మీద చిన్న నవ్వుతో. పడిపోకూడదని ఒక మనిషి అంత కష్టపడటం నేను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

"మూడోది. పెట్టెలు ఎవరు తెస్తారు?" అంది మృదుల.

"నేను తెస్తానండి" అంటూ సత్తిరాజు గారు చెయ్యెత్తారు.

చెయ్యెత్తడంతో పట్టు తప్పింది. బరువంతా ఒక్కసారి నా మీదకి వచ్చింది. నా వెనక కాలు ఫటుక్కున విరిగింది. ఆయన వెల్లకిలా పడ్డారు. కాళ్లు రెండూ గాల్లోకి లేచాయి.

ముందు మృదుల నవ్వింది. ఆపుకోబోయింది కాని ఆగలేదు. ఆవిడ నవ్వేసరికి అందరికీ అనుమతి దొరికినట్టయింది. బెనర్జీ అని బృందంలో ఒకతను, లెక్చరరు, ఎప్పుడూ నవ్వించే మనిషి. "టీచర్ గారూ, వచ్చేసారికి కాంక్రీటు కుర్చీ పోయించండి!" అన్నాడు. నవ్వు ఇంకా పెద్దదైంది. సత్తిరాజు గారు కూడా నవ్వారు. నేల మీద పడుకునే, ఆ నవ్వులో తనూ ఒకడైనట్టు నవ్వారు.

పల్లవి నవ్వలేదు. గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టింది. వచ్చి తండ్రి చెయ్యి రెండు చేతులా పట్టుకుని లాగింది. "లే నాన్నా. లే నాన్నా." ఆ పిల్ల బలానికి ఆయన ఎక్కడ లేస్తారు? ముఖం ఎర్రబడేదాకా లాగుతూనే ఉంది. ఒక్కొక్కరే నవ్వు ఆపారు. ఆయన పక్కకి ఒత్తిగిలి, గోడ పట్టుకుని లేచారు.

"దెబ్బేం తగల్లేదు కదండీ?" అన్నారెవరో.

"అబ్బే, ఏం లేదండి."

 మృదుల బోర్డు వైపు తిరిగి 'పెట్టెలు' అన్నచోట 'సత్తిరాజు గారు' అని రాసింది. "సరే, మూడూ అయిపోయాయి. టీ తాగుదాం" అంది. మీటింగు టైముకే ముగిసింది. తండ్రీ కూతుళ్లు టీకి ఆగలేదు.

నన్నూ, నా కాలునీ తీసి పెరటి వసారాలో మెట్ల కింద పెట్టారు. అక్కణ్ణుంచి నాకు పెరడంతా కనబడేది. శనివారం ట్రాలీ ఆటోలో పెట్టెలొచ్చాయి. బోలెడన్ని, మడిచి, తాడుతో కట్టి. పిల్లల చేతులకి గీసుకోకుండా ఒక్కో పెట్టెకీ ఇనప పిన్నులన్నీ పీకేసి ఉన్నాయి. తెచ్చినవాడు డ్రైవరు. సత్తిరాజు గారు రాలేదు.

ఆదివారం ఆయనా రాలేదు, పల్లవీ రాలేదు. పెరట్లో ఊరు లేచింది. బెనర్జీ ఆస్పత్రికి కిటికీలు కోశాడు. పిల్లలు పెట్టెల్లోంచి దూరి అవతలికి వస్తూ కేరింతలు కొడుతున్నారు. మృదుల, నిహాల్ వసారా అంచున కూర్చుని ఒక తలుపుకి రంగు వేస్తున్నారు.

"పల్లవి ఇంకా రాలేదేంట్రా?" అంది మృదుల, మామూలుగా అడిగినట్టు.

"రాదంట."

"ఎవరు చెప్పారు?"

"స్కూల్లో తనే చెప్పింది. మీ అమ్మ నవ్వింది, మేం రాం అంది."

"నేనొక్కదాన్నేనా? అందరూ నవ్వారు కదరా."

"నువ్వే ముందు నవ్వావమ్మా. కిటికీలోంచి చూశాను." వాడేమీ కోపంగా అనలేదు. చూసింది చెప్పి, కుంచె మళ్లీ రంగులో ముంచాడు. మృదుల కుంచె మాత్రం చాలాసేపు ఎక్కడిదక్కడే ఉండిపోయింది. తలుపు మీద నీలం రంగు కారి నేల మీద పడుతోంది.

మర్నాడు ఆఫీసునుంచి నేరుగా వచ్చి మెట్ల కింద నుంచి నన్నూ, నా కాలునీ తీసింది. "అతికించుకొస్తాను టీచర్ గారూ" అంది.

"కుర్చీకేం తొందరమ్మా" అన్నారు దమయంతి టీచర్ గారు. "అదేమన్నా నీకోసం ఎదురుచూస్తోందా?"

మృదుల నన్ను చంకన పెట్టుకుని బయటికి నడిచింది. స్కూటీ మీద కాళ్ల దగ్గర నన్ను పెట్టుకుని బయల్దేరింది. ప్లాస్టిక్కు అతికించేవాడి బడ్డీ దాటిపోయింది. స్కూటీ ఆగలేదు. సత్తిరాజు గారి గోడౌను ముందు ఆగింది.

ఆయన లోపల వెడల్పాటి ఇనప కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆవిణ్ణి చూసి లేచారు. తరవాత నన్ను చూశారు. ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. నన్ను తేవడం రెండో తప్పని మృదులకి అప్పుడు తెలిసింది. గబగబా చున్నీ తీసి నా మీద కప్పబోయింది. నా విరిగిన కాలు జారి టకటకమని దొర్లుకుంటూ వెళ్లి ఆయన కాళ్ల దగ్గర ఆగింది. ఆవిడ వంగి తీసుకుంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"క్షమించండి సత్తిరాజు గారూ. ఆవేళ మిమ్మల్ని బలవంతంగా కూర్చోబెట్టింది నేను. ముందు నవ్వింది కూడా నేనే."

"పర్లేదండి" అన్నారాయన. ఆవిడ మాట పూర్తయ్యీ కాకముందే అనేశారు.  ఆవిడ వెళ్లొస్తానని వెనక్కి తిరిగింది. అప్పుడు ఆయన నోరు తెరిచారు.

"నాకు అలవాటేనండి, మేడమ్. బస్సుల్లో, సినిమా హాళ్లల్లో... నేనే ముందు నవ్వేస్తాను. ఎదటివాళ్లకి ఇబ్బంది లేకుండా. కాని ఆ మర్నాడే పిఠాపురంలో మావాళ్ల పెళ్లికి వెళ్లాం. భోజనాల దగ్గర పాప నాకన్నా ముందు పరిగెత్తుకెళ్లి కుర్చీ రెండు చేతుల్తో నొక్కి చూసింది. చాలక తను ఎక్కి గెంతింది. అప్పుడు, 'కూర్చో నాన్నా' అంది. ఇప్పుడెక్కడికెళ్లినా అదే పని. డాక్టరు దగ్గరా అంతే, నిన్న మా అత్తగారింట్లోనూ అంతే. అందరూ ముద్దొస్తోందంటారు. నాకు మాత్రం ఆవేళ అన్నం దిగలేదండి."

మృదుల అక్కడే ఒక అట్ట మీద చతికిలబడింది. ఏ విషయాన్నైనా ఇట్టే తేల్చే మనిషికి ఒక్క మాట దొరకలేదు. ఆయనా మాట్లాడలేదు. అంత పొడుగు మీటింగు ఆవిడ జీవితంలో ఇంకొకటి జరిగి ఉండదు.

బయట స్కూలు ఆటో ఆగింది. పల్లవి సంచీ మోసుకుంటూ వచ్చి, ఆవిణ్ణి చూసి గుమ్మంలోనే నిలబడింది.

"పల్లవీ, నీకు సారీ చెప్దామని వచ్చానమ్మా" అంది మృదుల.

"ఎందుకు నవ్వారు ఆంటీ?"

మృదుల ఆలోచించింది. అబద్ధం చెప్పదలచుకోలేదు. "నాకే తెలీదమ్మా. నవ్వకుండా ఉండాల్సింది."

"మా నాన్నకి చెప్పారా?"

"చెప్పాను. పర్లేదన్నారు."

"ఆయన అందరికీ అలాగే అంటారు" అంది పల్లవి. "కాని నిజంగా పర్లేదని కాదు."

సత్తిరాజు గారు లేచి, ఏదో పనున్నట్టు పెట్టెల వెనక్కి వెళ్లిపోయారు.

ఆ గురువారం బోర్డు మీద మొదటి విషయం 'కుర్చీలు'. నన్ను అతికించలేదు. బోర్డు కింద గోడకి ఆనించి నా మీద సుద్దముక్కల డబ్బా పెట్టారు. మృదుల నిలబడే మాట్లాడింది. ఎవర్నీ అడక్కుండా ఆ రూలు పెట్టింది తనేననీ, దాని వల్ల ఏమైందో అందరూ చూశారనీ చెప్పి, ఇంకెవరికైనా ఇబ్బందుంటే చెప్పమంది.  ముందు దమయంతి టీచర్ గారు తన మోకాళ్లు పట్టేస్తున్నాయని చెప్పారు. ఆవిడ కుర్చీలే, ఆవిడ గదే, అయినా ఆవిడ కూడా ఇన్నాళ్లూ చెప్పలేదు. నెల తప్పిన ఒకావిడ నడుం నొప్పితో ఓర్చుకుంటోందట. బెనర్జీ అయితే గురువారం గురువారం నొప్పి మాత్ర వేసుకుని వస్తున్నాట్ట. "నా ఒక్కడికే కాబోలనుకున్నానండి" అన్నాడు, ఈసారి నవ్వించకుండా. "సత్తిరాజు గారికి ఫోన్ చేశాను. ఎత్తలేదు" అని గోళ్లు చూసుకున్నాడు.

అప్పట్నుంచి ఎవరికి కుదిరినదాని మీద వాళ్లు కూర్చున్నారు. పీటలు, మోడాలు, మడత కుర్చీలు. మూడు విషయాలు అలాగే ఉన్నాయి, పేర్లు రాయడం అలాగే ఉంది. మీటింగు అరగంటలోనే అయిపోయింది. తరవాతి వారమూ అంతే. ఆ పొట్టి మీటింగులకి కారణం నేను కానే కాదని అలా తేలిపోయింది. నా పొగరుకి అది చాలు. ఒక మనిషిని అంత అవమానం పాలు చేసిన రూలు అసలు అవసరమే లేదని తెలియడం మాత్రం ఇంకా బాధ. మృదుల కూడా అదే అనుకుందేమో. మీటింగు టైముకి అయిపోయినప్పుడు ఇదివరకులా మురిసిపోయేది కాదు.

సత్తిరాజు గారు మళ్లీ వచ్చేసరికి తొలకరి పడింది. చెప్పాపెట్టకుండా ఒక గురువారం కూతురితో గుమ్మంలో కనబడ్డారు. అందరూ ఒక్కసారి లేచి నిలబడ్డారు. "రండి రండి" అంటూ ఎవరి కుర్చీ వాళ్లు ముందుకి తోశారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"కూర్చోండర్రా!" అన్నారు దమయంతి టీచర్ గారు. "ఆయనేమన్నా పెళ్లికొడుకా?"

సత్తిరాజు గారు ఆ కుర్చీలన్నిటినీ చూశారు. గాలి బావుందని అనలేదు. గొంతు సవరించుకున్నారు.

"ఇవి నాకు ఆగవండి. చేతులున్నవాటిల్లో పట్టను. పైన టీచర్ గారింట్లో ఇనప కుర్చీ ఒకటుంది, అది కావాలండి."

ఆ మాట ఆయన కూతురి ముందు, అందరి ముందు, మామూలు గొంతుతో అన్నారు. మృదుల పరుగున మేడెక్కి, కుర్చీ తనే మోసుకొచ్చింది. పల్లవి ముందుకొచ్చి రెండు చేతులతో సీటు నొక్కింది. ఒక కాలు పట్టుకుని ఊపి చూసింది. అందరూ చూస్తున్నారు. ముద్దొస్తోందని ఎవరూ అనలేదు. ఆ పిల్ల పని అయ్యేదాకా తండ్రి ఓపిగ్గా నిలబడి, అప్పుడు కూర్చున్నారు.

"మొదటి విషయం" అంది మృదుల.  సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగింది.

ఇక నా సంగతి. వానలు ముదిరాక టీచర్ గారు గది సర్దించారు. పాత సామాన్లవాడు వీధిలోకొచ్చి అరిచాడు. మృదుల వంగి సుద్ద డబ్బా తీసేసి నన్ను చేతిలోకి తీసుకుంది. అరిగిపోయిన ఏనుగు మీద దుమ్ము వేలితో తుడిచింది.

"పాప ఇంకా నొక్కి చూస్తూనే ఉంది టీచర్ గారూ. మొన్న ఆదివారం పార్కులో కూడా."

"చూడనీ అమ్మా. కొన్నాళ్లు చూస్తుంది."

"ఎన్నాళ్లంటారు?"

టీచర్ గారు పాత సామాన్లవాడి గోనెసంచి అందుకున్నారు. గోనె మూతి రెండు చేతులతో విప్పి పట్టుకున్నారు. మృదుల నన్ను అందులో మెల్లిగా, పసిపిల్లని దించినట్టు దించింది.